మాట్లాడని బొమ్మ కొనండి

మా బడికి వచ్చే అమ్మానాన్నలు తరచుగా ఫోన్ తెరిచి ఒక బొమ్మ చూపించి, "మేడం, రంగులూ ఆకారాలూ నేర్చుకోవడానికి ఇది కొనమంటారా?" అని అడుగుతుంటారు. ఫొటోలో బొమ్మ చాలా బాగుంటుంది. ప్లాస్టిక్ ఇల్లో, ఏనుగో, బస్సో, దాని మీద నాలుగైదు రంగుల బటన్లు, పక్కన ముక్కలు దూర్చే కన్నాలు, నొక్కితే లైటు, దూరిస్తే పాట, "ట్రయాంగిల్! వెరీ గుడ్!" అని ఒక గొంతు. నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: బ్యాటరీ వేసే చోటు లేని బొమ్మ కొనండి. విన్నవాళ్ళు కొంచెం నిరుత్సాహపడతారు, మొహమాటానికి తల ఊపి వెళ్ళిపోతారు. నాలుగు మాటల్లో చెప్తే అది చాదస్తంలా వినిపిస్తుందని నాకూ తెలుసు, అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అనకాపల్లిలో రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి చిన్న ప్లే స్కూల్ నడుపుతున్నాను, కాబట్టి ఇక్కడ రాసేది నేను రోజూ కళ్ళతో చూసేదీ, దాని గురించి చదివి తెలుసుకున్నదీ.

ముందు కన్నాల డబ్బా సంగతి చెప్తాను. షాపులో దాన్ని షేప్ సార్టర్ అంటారు, మా పిల్లలకి అది కన్నాల డబ్బా. మూతకి గుండ్రంగా, నలుచదరంగా, మూడు మూలలతో కన్నాలుంటాయి, ఏ ముక్క ఆ కన్నంలోనే దూరుతుంది. 2015లో అమెరికాలో జెన్నిఫర్ జోష్, ఆమె తోటి పరిశోధకులు దీని మీదే ఒక అధ్యయనం చేశారు. కొంతమంది తల్లిదండ్రులకి మామూలు కన్నాల డబ్బా, మరికొంతమందికి బ్యాటరీతో పాడే కన్నాల డబ్బా ఇచ్చి, పిల్లలతో ఆడుకోమని చెప్పి, ఆ పెద్దవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో గమనించారు. మామూలు డబ్బా ఉన్నచోట పైన, లోపల, మూల, అంచు లాంటి మాటలు, అంటే వస్తువు ఎక్కడుంది ఎలా ఉంది అని చెప్పే మాటలు ఎక్కువ వచ్చాయి, పాడే డబ్బా ఉన్నచోట తగ్గిపోయాయి. అదే ఏడాది చివర్లో అన్నా సోసా అనే పరిశోధకురాలు 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 ఇళ్ళలో మాటలు రికార్డు చేసి చూశారు. మోగే బొమ్మ ఉన్నప్పుడు అమ్మానాన్నల మాటలు మామూలు బొమ్మలతో ఆడినప్పటికంటే తక్కువ, పుస్తకం చూపించినప్పటికంటే మరీ తక్కువ. పిల్లలు కూడా పుస్తకం ముందు పలికినంతగా మోగే బొమ్మ ముందు పలకలేదు. 2018 డిసెంబరులో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఇదే దారిలో సలహా ఇచ్చింది: పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆడుకునేలా చేసే సాదా బొమ్మలే మంచివి అని.

ఎందుకిలా అవుతుందో మీ ఇంట్లోనే గమనించొచ్చు. బొమ్మ పాడుతుంటే మనం దాని మీద గొంతు పెంచి మాట్లాడం, పాట అయ్యేదాకా ఆగుతాం, ఈలోపు పిల్లవాడు మళ్ళీ బటన్ నొక్కుతాడు, మళ్ళీ పాట. ట్రయాంగిల్ అని బొమ్మే చెప్పేశాక మనం చెప్పడానికి ఏమీ మిగలదు, మెల్లగా చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. పైగా పిల్లలు చాలా తెలివైనవాళ్ళు. ముక్క దూర్చకపోయినా బటన్ నొక్కితే పాట వస్తుందని ఒక్క పూటలో కనిపెట్టేస్తారు, ఆ తర్వాత ముక్కలన్నీ మంచం కింద ఉంటాయి, పిల్లవాడు బటన్ దగ్గర ఉంటాడు.

అదే మాట్లాడని డబ్బా ఇచ్చి పక్కన కూర్చోండి. ఏడాదిన్నర పాప మూడు మూలల ముక్క తీసుకుని గుండ్రటి కన్నం మీద పెట్టి నొక్కుతుంది, దూరదు, గట్టిగా కొడుతుంది, అయినా దూరదు, అప్పుడు తలెత్తి మన మొహం చూస్తుంది. ఆ బొమ్మ చేసే అసలు పని అదే, పాప మన వైపు చూసేలా చెయ్యడం. "అక్కడ పట్టట్లేదా తల్లీ? పక్కది చూద్దామా? కొంచెం తిప్పు. ఇంకొంచెం. ఆఁ, మూల ఇటు వచ్చింది, ఇప్పుడు వదిలెయ్" అని మనం అంటాం, ముక్క టప్పున లోపల పడుతుంది, ఆ చప్పుడుకి పాప మొహంలో వచ్చే వెలుగు ఏ బ్యాటరీ లైటూ తెప్పించలేదు. తప్పు అని ఎవరూ అనక్కర్లేదు, కన్నమే చెప్తుంది. కొన్ని నెలలు పోయాక ఇంకో మార్పు కనిపిస్తుంది, అది చూడటం నాకు చాలా ఇష్టం: ముక్కని కన్నం దగ్గరికి తీసుకెళ్ళకముందే గాల్లోనే సరైన వైపుకి తిప్పుకుంటారు. అంటే ఆ తిప్పడం ముందు మనసులో జరిగిపోయిందన్నమాట. ఆ వయసులో ఆకారం నేర్చుకోవడం అంటే ఇదీ. పేరు తర్వాత వస్తుంది.

ఇక రంగులు. చాలామంది తల్లులు టెన్షన్ పడేది ఇక్కడే. "రెండున్నరేళ్ళు వచ్చాయి మేడం, అన్ని వస్తువుల పేర్లూ చెప్తాడు, రంగులు మాత్రం ఏది అడిగినా ఎరుపే అంటాడు." ఇది చాలా మామూలు విషయం. మూడు నాలుగు నెలల వయసుకే పిల్లలకి రంగులు బాగానే కనిపిస్తాయి, కానీ వాటికి పేర్లు సరిగ్గా అతికించడానికి మూడేళ్ళో, ఇంకొంచెం ఎక్కువో పడుతుంది. చార్లెస్ డార్విన్ అంతటి పరిశీలకుడు కూడా తన పిల్లలు రంగుల పేర్లు చెప్పలేకపోతుంటే వాళ్ళకి కంటి లోపం ఉందేమో అని అనుమానపడి, తర్వాత కాదని తెలుసుకున్నాడు. కాబట్టి మీ భయం ఎంత పాతదో చూడండి.

ఎందుకంత కష్టం? రెండేళ్ళ పిల్లలు కొత్త మాట వింటే అది వస్తువు పేరనే ముందు అనుకుంటారు, అందులోనూ ఆకారాన్ని బట్టి పేరు పెట్టుకుంటారు. ఒక గిన్నెని గిన్నె అని చెప్తే అలాంటి ఆకారంలో ఉన్న ఇంకో దాన్ని కూడా గిన్నె అంటారు, అది స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా సరే. 1988లో బార్బరా లాండౌ, లిండా స్మిత్, సుసాన్ జోన్స్ ఈ సంగతి ప్రయోగం చేసి చూపించారు. ఇప్పుడు మనం బంతి చూపించి "ఎరుపు" అంటే వాడికి ఏమర్థమవుతుంది? అది బంతికి ఇంకో పేరు అనుకోవచ్చు, లేదా ఎగిరేదాన్ని ఎరుపు అంటారనుకోవచ్చు. అందుకే ఎర్ర టమాటా, పచ్చ చిలక, నీలం కారు, పసుపు అరటిపండు ఉన్న బొమ్మల చార్టు గోడకి అంటించి రోజూ వల్లె వేయించడం పెద్దగా ఉపయోగపడదు. అక్కడ ప్రతి బొమ్మలో రంగూ మారుతోంది, ఆకారమూ మారుతోంది, పేరూ మారుతోంది, ఇన్నింటిలో రంగు అంటే ఏదో వాడు ఎలా విడదీసుకోవాలి?

ఈ చిక్కుకి మరియా మాంటిస్సోరి చాలా చక్కటి దారి చూపించారు. 1907 జనవరిలో రోమ్‌లో ఒక పేదల పేటలో మొదటి బడి పెట్టిన ఆవిడ, రంగుల కోసం బొమ్మలేమీ చెయ్యలేదు, ఒకే సైజు పలకలు చేయించారు. రంగు తప్ప మిగతా అంతా ఒకటే. మొదటి పెట్టెలో ఎరుపు, పసుపు, నీలం, ఒక్కోటి రెండేసి. జత కలపడమే ఆట. రెండో పెట్టెలో 11 రంగుల జతలు. మూడో పెట్టెలో 9 రంగులు, ఒక్కో రంగులో ముదురు నుంచి లేత దాకా 7 ఛాయలు, మొత్తం 63 పలకలు, వాటిని వరసగా పేర్చాలి. ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చారు, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి 1946 దాకా మన దేశంలోనే టీచర్లకి శిక్షణ ఇచ్చారు, కాబట్టి ఈ పద్ధతి మన దక్షిణాదికి కొత్తదేం కాదు. ఆ పెట్టెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువ.

దానికి నేను వాడే బదులు ఒకటుంది, అందరికీ అదే చెప్తాను. మీ ఊళ్ళో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళండి. చీరకి జాకెట్టు గుడ్డ, ఫాల్ తీసుకునే షాపులో గోడంతా ఎన్ని రంగుల తానులుంటాయో మనకి తెలుసు, చిలకపచ్చకీ ఆకుపచ్చకీ మధ్యలో ఉన్న తేడాని కళ్ళతోనే తూచి "ఇది పడదమ్మా, ఒక డోసు తక్కువుండాలి" అని చెప్పే మనుషులు అక్కడుంటారు. కొంచెం కొంచెం గుడ్డ తీసుకుని, ఒకే కొలత అట్టముక్కలకి చుట్టి అతికిస్తే రంగుల పలకలు తయారు. ముందు మూడు జతలే చెయ్యండి. రెండేళ్ళ పిల్లలకి అవి చాలు, పిల్లవాడు పేరు చెప్పకపోయినా జత కలుపుతాడు, అంటే రంగు వాడికి తెలిసిపోయింది. నాలుగేళ్ళ దగ్గరికి వచ్చాక ఒకే నీలంలో ముదురు నుంచి లేత వరకు ముక్కలు చేసి ఇస్తే, పిల్లలు నిశ్శబ్దంగా కూర్చుని, వాటిని పక్కపక్కన పెట్టి, కళ్ళు చికిలించి, మళ్ళీ మార్చి, అలా చాలాసేపు ఉండిపోతారు. ఏ పాటా లేకుండా, ఎవరూ చప్పట్లు కొట్టకుండా.

పేర్లు చెప్పించడంలో ఒక వరస ఉంది, అది ఎడ్వర్డ్ సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుడిది, మాంటిస్సోరి ఆయన దగ్గర నుంచే తీసుకున్నారు. బుద్ధి మాంద్యం ఉన్న పిల్లలకి చదువు చెప్పడం కోసం పనిచేసిన మనిషి ఆయన. చెక్కలో గాడులు చేసి, ఏ ఆకారం ముక్క ఆ గాడిలో పెట్టే పలక కూడా ఆయన పేరు మీదే ఉంది, మనం షాపుల్లో చూసే చెక్క పజిళ్ళన్నీ దానికి వారసులే. ఆ వరస ఇలా ఉంటుంది. మొదట మనం చెప్పాలి: "ఇది ఎరుపు. ఇది నీలం." అంతే, ఇంకేం అడగకూడదు. తర్వాత, అదే రోజు కాకపోయినా ఫర్వాలేదు, "ఎరుపు నాకివ్వు, నీలం దిండు మీద పెట్టు" అని ఆడించాలి. ఈ మెట్టు మీద ఎక్కువ రోజులుండాలి, పిల్లలకి ఇష్టమైంది కూడా ఇదే, ఎందుకంటే ఇందులో లేచి తిరగడం ఉంటుంది. అది బాగా వచ్చాకే "ఇదే రంగు?" అని అడగాలి. మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? నేరుగా మూడోదాంతో మొదలుపెడతాం. చుట్టాలొచ్చారంటే చాలు, "ఏదీ, తాతయ్యకి చెప్పు, ఇది ఏం కలరు? నిన్న చెప్పావుగా, చెప్పమ్మా" అని పిల్లని నడిహాల్లో నిలబెట్టేస్తాం. ఆ పిల్ల అమ్మ కొంగులో మొహం దాచుకుంటుంది, "సిగ్గు" అంటారు. సిగ్గు కాదండీ, తనకి ఇంకా రెండో మెట్టు మీదే పని ఉంది. దయచేసి పిల్లల్ని ఇలా నిలబెట్టి అడగొద్దు, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గట్టిగానే మాట్లాడతాను.

ఇంట్లో పెద్దవాళ్ళు పసుపునీ ఆకుపచ్చనీ కలిపి పచ్చ అనేస్తుంటారు, రెండేళ్ళ వాడికి అరటిపండూ పచ్చే అరిటాకూ పచ్చే అంటే ఇబ్బందే కదా, కొన్నాళ్ళు పసుపు, ఆకుపచ్చ అని విడివిడిగా, పూర్తిగా పలకమని వాళ్ళకి చెప్పండి. రెడ్, బ్లూ అని ఇంగ్లిషులో చెప్పినా నష్టం లేదు, కాకపోతే నేర్పే మొదటి రోజుల్లో ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి.

ఇక్కడే ఇంకో మాట. నాలుగేళ్ళు దాటాక కూడా మిగతా రంగులన్నీ చక్కగా చెప్తూ ఎరుపూ ఆకుపచ్చా దగ్గర మాత్రమే తడబడే పిల్లవాడుంటే, ఆకులకి గోధుమరంగు వేస్తుంటే, వాడిని విసుక్కోకుండా కంటి డాక్టరుకి చూపించండి. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోవడం పుట్టుకతో వచ్చే లక్షణం, ఎక్స్ క్రోమోజోముతో వస్తుంది కాబట్టి ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో చాలా ఎక్కువ. అక్షరాలు రాని పిల్లలకి కూడా చేసే పరీక్షలున్నాయి. ముందుగా తెలిస్తే బడిలో టీచరు "రెడ్ క్రేయాన్ తియ్యి" అన్నప్పుడు వాడు తిట్లు తినకుండా ఉంటాడు.

ఆకారాల దగ్గరికి మళ్ళీ వద్దాం, ఇప్పుడు మా జిల్లా గురించి కొంచెం గర్వంగా రాస్తాను. కిండర్‌గార్టెన్ అనే మాట ప్రపంచానికిచ్చిన జర్మనీ ఉపాధ్యాయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్, పసిపిల్లలకి ఇవ్వాల్సిన ఆటవస్తువుల్ని ఒక వరసలో పెట్టాడు. మొదటిది మెత్తటి ఊలు బంతులు, ఆరు రంగుల్లో ఆరు. రెండోది చెక్కతో చేసిన బంతి, స్తంభం, ఘనం. బంతి ఎటైనా దొర్లుతుంది, ఘనం కదలదు, స్తంభం పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే నిలుస్తుంది. కాగితం మీద గీసిన వృత్తం, చతురస్రం కంటే ముందు చేతిలో బరువుండే ఆకారం రావాలని ఆయన ఆలోచన, అది నాకు నూటికి నూరుపాళ్ళు నిజమనిపిస్తుంది. ఆ చెక్క బంతీ స్తంభమూ చూసినప్పుడల్లా నాకు మా ఏటికొప్పాక గుర్తొస్తుంది.

వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి అనకాపల్లి నుంచి గంట ప్రయాణం. అక్కడ అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉండే కర్ర, ఉలికి సులువుగా లొంగుతుంది. కర్రముక్కని మిషన్‌కి బిగించి తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు, తర్వాత అది గిర్రున తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పూతలా పట్టేస్తుంది, చివర్లో మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడే మెరుపు వస్తుంది. కుంచె లేదు, పెయింటు డబ్బా లేదు. రంగులు కూడా మొక్కలవే: పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు, ఇంకా వేర్లు, బెరళ్ళు. మధ్యలో రసాయన రంగులు వచ్చి ఈ పద్ధతి మరుగున పడుతుంటే, ఆ ఊరివారే అయిన సి.వి. రాజు గారు మొక్కల రంగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి దాన్ని మళ్ళీ నిలబెట్టారు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. ఆ రోజు టీవీలో మా పిల్లలకి చూపించి, వాళ్ళ చేతుల్లో ఉన్న గిలక్కాయ, టీవీలో ఉన్న బొమ్మ ఒకే ఊరివని చెప్పాను.

మిషన్ మీద తిప్పి చేస్తారు కాబట్టి అక్కడ పుట్టే ప్రతి ఆకారమూ ఏదో ఒక రకంగా గుండ్రమే. బంతి, స్తంభం, శంకువు, గుడ్డు, ఉంగరం, బొంగరం, లక్కపిడతలు. ఒక ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి ఇది లోటు కాదు, పెద్ద లాభం. కర్రకి ఎక్కించే ఉంగరాల బొమ్మ తీసుకోండి: అన్నీ గుండ్రమే, సైజూ రంగూ మాత్రమే మారతాయి, పిల్లలకి ఆలోచించాల్సిన విషయం చిన్నదైపోతుంది. లక్కపిడతలు మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్న ఆటే, ఏ మూత ఏ గిన్నెకి పడుతుందో వెతకడం కంటే మంచి పాఠం ఏ పెట్టెలోనూ రాదు, అయితే మరీ చిన్న పిడతలు మూడేళ్ళు దాటినవాళ్ళకే ఇవ్వండి. ఎండలో వదిలేస్తే మొక్కల రంగులు వెలుస్తాయి, నీళ్ళలో నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. రోడ్డు పక్క దుకాణాల్లో రసాయన రంగులు వేసినవి కూడా అమ్ముతారు, అడిగి తీసుకోండి, కళ్ళు చెదిరే మెరుపు గులాబీ కనిపిస్తే నేనైతే పసిపిల్లల కోసం కొనను. విశాఖలో ఉన్నవాళ్ళకి లేపాక్షి షోరూములో దొరుకుతాయి. కొండపల్లి బొమ్మలు నాకెంత ఇష్టమైనా అవి తెల్లపొణికి కర్ర మీద రంగులు వేసి చేసే అలంకరణ బొమ్మలు, బొమ్మల కొలువులో పెట్టి కథలు చెప్పుకోవడానికి, నోట్లో పెట్టుకునే వయసుకి కాదు.

మూలలున్న ఆకారాలకి మాత్రం కోసిన చెక్క కావాలి. అక్కడ కొనేటప్పుడు ఒకటి చూడండి. దాదాపు అన్ని బొమ్మల్లో, పుస్తకాల్లో త్రిభుజం ఒకేలా ఉంటుంది, మూడు వైపులూ సమానం, కింద బల్లపరుపుగా, పైన కొస. పిల్లలు ఆ ఒక్క బొమ్మనే త్రిభుజం అనుకుంటారు. సన్నగా పొడుగ్గా ఉన్నది చూపిస్తే కాదంటారు, తలకిందులు చేస్తే "పడిపోయింది" అంటారు. చతురస్రాన్ని కొస మీద నిలబెడితే అది డైమండ్ అయిపోతుంది. సంక్రాంతికి గాలిపటం చేసేటప్పుడు దీన్ని చూపించడం చాలా సులువు: నలుచదరం కాగితం కింద పెట్టి అందరితో మూలలు లెక్కపెట్టించి, తిప్పి గాలిపటంలా పట్టుకుని మళ్ళీ లెక్కపెట్టించండి, మళ్ళీ నాలుగే, వైపులు కూడా మారలేదు. సమోసా, మూడు మూలలుగా మడిచిన దోసె, బట్టల హ్యాంగరు, నాలుగు ముక్కలుగా కోసిన చపాతీ, మూడు మూలలున్నది ఏది దొరికినా వెతికించండి. 2013లో కెల్లీ ఫిషర్, ఆమె సహచరులు నాలుగైదేళ్ళ పిల్లల్ని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి పెద్దవాళ్ళే వివరించి చెప్పారు, ఒక గుంపుని ఆకారాలతో వాళ్ళంతట వాళ్ళనే ఆడుకోనిచ్చారు, మూడో గుంపుతో పెద్దవాళ్ళు ప్రశ్నలు వేస్తూ, ఆకారాల రహస్యం పిల్లలే కనిపెట్టేలా ఆడించారు. వింత ఆకారపు త్రిభుజాన్ని కూడా త్రిభుజమే అని గుర్తుపట్టడంలో మూడో గుంపు ముందుంది, వారం తర్వాత అడిగినా అంతే. కాబట్టి "దీన్నెందుకు త్రిభుజం అన్నావు?" అన్న ప్రశ్న నాలుగేళ్ళ వాడికి వెయ్యొచ్చు, వాడు తల గోక్కుని మూలలు లెక్కపెట్టుకుంటాడు.

భద్రత సంగతి క్లుప్తంగా చెప్తాను, కానీ దీన్ని మాత్రం దాటేయకండి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల శాఖ దగ్గర నమోదైన కళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది, కాబట్టి లక్క బొమ్మల మీద ఆ గుర్తు లేదని కంగారు పడొద్దు, బదులుగా మీరే లాగి, తిప్పి చూడండి, ఊడే పూసలు, పగిలిన అంచులు ఉంటే పక్కన పెట్టేయండి. మూడేళ్ళ లోపు పిల్లలకి చిన్న ముక్కలు ఇవ్వకూడదు. బొమ్మల భద్రతా పరీక్షలో వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, దాంట్లో పట్టే ముక్క ఏదైనా గొంతుకి ప్రమాదమే. బంతులైతే ఇంకా పెద్దవి ఉండాలి, 4.5 సెంటీమీటర్ల కన్నంలోంచి దూరిపోయే బంతి పసివాళ్ళకి వద్దు. అట్ట మీద ఆ కొలత కన్నం కోసి ఇంట్లో పెట్టుకోండి. బటన్ బ్యాటరీ, చిన్న అయస్కాంతాలు ఉన్న బొమ్మలు ఈ వయసున్న ఇంట్లో అసలు ఉండకపోవడమే మంచిది, మింగితే లోపల పేగులకి, గొంతుకి జరిగే నష్టం చాలా వేగంగా జరుగుతుంది. అలాగే రంగులు నేర్పడానికని కందిపప్పు, పెసరపప్పు, రాజ్మా గిన్నెల్లో పోసి ఆడించే వీడియోలు చూస్తుంటాం, అవి ముక్కుల్లో దూర్చుకునే వయసు దాటాకే, అదీ మీరు పక్కనుంటేనే.

చివరగా, ఇప్పటికే ఇల్లు నిండా బొమ్మలున్నవాళ్ళ కోసం. అమెరికాలో టొలెడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు: ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లల్ని ఒకసారి 4 బొమ్మలున్న గదిలో, ఒకసారి 16 బొమ్మలున్న గదిలో వదిలి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మా బడిలో కూడా షెల్ఫులో కొన్నే పెడతాం, మిగతావి బీరువాలో ఉంటాయి, పిల్లలు పట్టించుకోవడం మానేసినప్పుడు మారుస్తాం. పుట్టినరోజుకి వచ్చిన బొమ్మలన్నీ ఒకేసారి విప్పకండి. ఒక కన్నాల డబ్బా, ఒక ఉంగరాల బొమ్మ, మూడు జతల రంగు గుడ్డలు, ఒక బంతి కింద పెట్టి, మిగతావి అటక మీదకి ఎక్కించండి. బ్యాటరీ బొమ్మ ఎవరైనా ప్రేమగా తెచ్చిస్తే పారేయక్కర్లేదు, బ్యాటరీలు తీసేసి, వాటి మూత మళ్ళీ స్క్రూ బిగించి ఇస్తే చాలాసార్లు అది కూడా మంచి కన్నాల డబ్బానే.